ముగింపు అడిగి మరీ మొదలుపెట్టండి

సంక్రాంతి సెలవుల్లో సిరీస్ చూడబోయేవాళ్లు ముందుగా చేయాల్సిన పని, దాని చివర ఏమవుతుందో కనుక్కోవడం. ఇప్పటికే చూసినవాళ్లను పట్టుకుని అడగండి. హంతకుడు ఎవరు, పెళ్లి ఎవరికి అవుతుంది, ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు, అన్నీ చెప్పించుకోండి. తర్వాత ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఆ ముగింపు అందరికీ చెప్పండి. చిన్నపిల్లలకు అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పండి. అప్పుడు మొదటి భాగం పెట్టండి.

ఈ మాట చెబితే కాలేజీ పిల్లలు చెవులు మూసుకుంటారు. కథంతా చెప్పేశాక ఇక చూసేదేముంది అంటారు. నా సలహా మాత్రం అదే. దానికి కారణం మా వికారాబాద్, తాండూరు ఇళ్లలోనే కనిపిస్తుంది.

జనవరి రెండో వారానికి ఈ ఇళ్లు నిండుతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు, హాస్టళ్లలో చదివే పిల్లలు రైలు దిగుతారు. పల్నాడు ఎక్స్‌ప్రెస్ గుంటూరులో బయలుదేరి వికారాబాద్‌లోనే ఆగిపోతుంది కాబట్టి ఆ వైపు ఇచ్చిన ఆడపిల్లలు రైలు మారే పని లేకుండా పుట్టింటికి చేరతారు. పది, పదిహేను మంది ఒక కప్పు కింద పడుకునే ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. పైగా చలి. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన ఊళ్ల జాబితాలో మర్పల్లి, మోమిన్‌పేట పేర్లు తరచూ కనిపించే కాలం అది. పొద్దుగూకితే ఎవరూ గడప దాటరు. ఇంతమంది ఒకచోట చేరిన ఆ రాత్రి ఇంట్లో సందడి ఉండాలి కదా, ఉండదు. ముందుగదిలో ఒకరు, వంటింటి గోడకు ఆనుకుని ఒకరు, మంచం మీద దుప్పటి ముసుగులో ఇద్దరు. ఎవరి ఫోను వారిది. మేనత్త పలకరిస్తే మేనకోడలు ఒక చెవి ఖాళీ చేసుకుని 'ఆఁ' అని మళ్లీ మూసేసుకుంటుంది.

అందరూ చూసేది ఒకే సిరీస్ అయినా పరిస్థితి మారదు. అన్న రెండో భాగంలో ఉంటాడు, వదిన ఐదులో ఉంటుంది, బావ నిన్ననే పూర్తి చేసి ఉంటాడు. బావ నోరు తెరిస్తే చాలు, 'నేనింకా అక్కడిదాకా రాలే, చెప్పకు' అని అన్న చెయ్యి అడ్డం పెడతాడు. ఒకే కథ చూసిన ముగ్గురు ఆ కథ గురించి ఒక్క మాట మాట్లాడుకోలేరు. ముగింపు తెలిసిపోతుందన్న భయమే ఇంట్లోవాళ్ల నోళ్లు కుట్టేస్తోంది. ఆ భయాన్ని మొదటి గంటలోనే తీసేస్తే అందరూ మాట్లాడతారు. అందుకే ముగింపు ముందు చెప్పమంటున్నాను.

ఈ భయం పాతది కాదు. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' పదమూడు భాగాలనూ ఒకే రోజు విడుదల చేసింది. ఎవరికి ఎంత తీరిక ఉంటే అంత చూసుకోవచ్చన్నమాట. అప్పటిదాకా సీరియల్ చూసే జనమంతా ఒకే భాగం దగ్గర ఉండేవారు. 'రామాయణ్' 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చేది. ఆ వారం హనుమంతుడు సముద్రం దాటితే దేశమంతా ఆ వారమే దాటింది. సోమవారం బావి దగ్గర, బస్టాండులో, బడి మైదానంలో ఒకటే ముచ్చట. ఆ తర్వాత వచ్చినా, టీవీ సీరియల్ కాబట్టి 'కార్తీకదీపం' కూడా అంతే. 2017 అక్టోబర్ నుంచి 2023 జనవరి దాకా, అయిదేళ్లకు పైగా నడిచింది. మధ్యలో పెళ్లై వెళ్లిన అమ్మాయి పిల్లాడిని ఎత్తుకుని పండుగకు వచ్చి కూర్చున్నా, ఏం జరిగిందో ఎవరో ఒకరు రెండు వాక్యాల్లో చెప్పి కలుపుకునేవారు. ఇప్పటి సిరీస్‌లో ఆ కలుపుకోవడం పోయింది. దాన్ని మనమే మళ్లీ తెచ్చుకోవాలి.

ఇక రామాయణం చివర ఏమవుతుందో తెలియక టీవీ ముందు కూర్చున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? మన తాతలు చూసిన బాగోతాలన్నీ తెలిసిన కథలే. పొద్దుగూకినంక మొదలై కోడి కూసేదాకా ఆడేవారు. హరిశ్చంద్రుడికి రాజ్యం తిరిగి వస్తుందని ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. అయినా కాటిసీను వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకోని ఆడమనిషి ఉండేది కాదు. ఒగ్గు కళాకారుడు డోలు చప్పుళ్ల మధ్య మల్లన్న కథ ఎత్తుకుంటే వినేవాళ్లకు ప్రతి మలుపూ కంఠతా వచ్చు. వాళ్లు వచ్చింది చెప్పే తీరు కోసం. ఈసారి బలిజ మేడలమ్మను ఎలా చెబుతాడు, గొల్ల కేతమ్మ దగ్గర ఏం హాస్యం కలుపుతాడు అని. రాత్రంతా ఒకే కథ ముందు కూర్చోవడం మనకు నెట్‌ఫ్లిక్స్ నేర్పిన అలవాటు కాదు. ముగింపు దాచిపెట్టడం మాత్రం మన అలవాటు కాదు.

అందుకే కొత్తగా వచ్చిన సిరీస్ జోలికి పోకండి. ఇంట్లో కనీసం ఇద్దరు ముందే చూసినదాన్ని ఎంచుకోండి. ఎవరూ చూడని కొత్త కథలో దారి చెప్పేవాడు ఉండడు. అందరూ నోరు మూసుకుని తెర వైపే చూడాల్సి వస్తుంది.

నా మొదటి ఓటు '90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'కు. ఈటీవీ విన్‌లో 2024 జనవరి 5న, సరిగ్గా పండుగ ముందు వచ్చింది. ఆరే భాగాలు. ఆదిత్య హాసన్ తీశాడు. శివాజీ లెక్కల మాస్టారు, వాసుకి ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. ఇంట్లో ఉప్మా, బడిలో మార్కులు, జేబులో లేని డబ్బులు. ఇందులో దాచాల్సిన రహస్యం పెద్దగా లేదు కాబట్టి నా పద్ధతికి చక్కగా సరిపోతుంది. మార్కుల సన్నివేశం వచ్చినప్పుడు అక్కడే ఆగండి అని చెప్పను, ఆపకుండానే మాట్లాడండి. ఇంట్లో రిటైరైన మాస్టారు ఒకరైనా ఉంటారు. ఆయన ఎవరిని ఎంత కొట్టాడో, కొట్టించుకున్నవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో ఆ రాత్రే బయటికి రావాలి. తెర మీద డైలాగు వినబడకపోతే పోనివ్వండి. దాన్ని ఎప్పుడైనా వినొచ్చు, మాస్టారి మాట మళ్లీ మళ్లీ దొరకదు.

తర్వాత 'సివరపల్లి'. హిందీలో 2020లో వచ్చిన 'పంచాయత్'కు తెలుగు రూపం. 2025 జనవరి 24న ప్రైమ్‌లో ఎనిమిది భాగాలుగా వచ్చింది. ఇంజినీరింగ్ చదివి, ఇష్టం లేకుండా పల్లెలో పంచాయతీ కార్యదర్శిగా చేరిన కుర్రాడి కథ. రాగ్ మయూర్ వేశాడు. దీన్ని నేను ఎందుకు చెబుతున్నానంటే, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ఒక్కసారిగా 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరిగి వైపో, కొడంగల్ వైపో, బషీరాబాద్ వైపో ఆ ఉద్యోగం చేసే పిల్లో పిల్లగాడో మన చుట్టాల్లో లేకుండా ఉండరు. వాళ్లను పిలిచి మధ్యలో కూర్చోబెట్టండి. నర్సరీ మొక్కలు ఎండితే ఏమవుతుంది, ట్రాక్టర్ డీజిల్ బిల్లు ఎప్పుడు పాసవుతుంది, సర్పంచి భర్త ఫోను ఎత్తకపోతే ఏం చేయాలి అని వాళ్లు చెబుతుంటే సిరీస్ కంటే అదే ఎక్కువ రక్తి కడుతుంది. వాళ్ల ఉద్యోగం ఎంత కష్టమో వాళ్ల అమ్మకు కూడా అప్పుడే తెలుస్తుంది.

పక్క గదిలో యువకులు భయపెట్టే కథే కావాలని పట్టుబడితే 'దూత' ఒప్పుకోండి. 2023 డిసెంబర్ 1న వచ్చింది, విక్రమ్ కుమార్ దర్శకుడు, నాగచైతన్య పాత్రికేయుడు. పాత పేపరు ముక్కల్లో జరగబోయే చావులు ముందే అచ్చై ఉంటాయి. అంటే కథే తన ముగింపుల్ని ముందు చెప్పి భయపెడుతోంది. 'కుడి ఎడమైతే' ఇంకా నయం. 2021లో ఆహాలో వచ్చింది, అమలా పాల్ పోలీసు అధికారి. అదే రోజు మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. రెండో భాగానికే ఇంట్లో అందరికీ ఆ రోజు కంఠతా వచ్చేస్తుంది, ఇక ఎవరికీ ఏదీ దాచక్కర్లేదు. నిద్రపోయి లేచిన తాతకు కూడా కథ తప్పిపోదు.

పిల్లలున్న ఇంట్లో 'అమృతం' ఉండనే ఉంది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో నడిచింది, మూడు వందల భాగాలకు పైనే. వరుసగా చూడకండి. పిల్లాడిని ఒక అంకె చెప్పమనండి, ఆ భాగం పెట్టండి. అమృతరావు, ఆంజనేయులు ఏ పథకం వేసినా చివరికి బోల్తా పడతారని తెలిసే నవ్వుతాం.

ఇప్పుడు భాష సంగతి. ఇది ఎక్కువమంది ఒప్పుకోని సలహా, నాకు ఎక్కువ ఇష్టమైన సలహా కూడా. పండుగ సెలవుల్లో ఒక్క సిరీస్ అయినా ఇంట్లో సగం మందికి రాని భాషలో చూడండి. కింద వచ్చే అక్షరాలు తీసేయండి. తెలుగు డబ్బింగు ఉన్నా పెట్టకండి. భాష తెలిసినవాళ్లు, లేదా ముందే చూసినవాళ్లు పక్కన కూర్చుని చెబుతూ పోవాలి. తాండూరుకు ఇది కష్టం కాదు. 1956 దాకా ఈ తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉంది. సేడం, చించోళి నుంచి కోడళ్లు వచ్చిన ఇళ్లు, అటు ఆడపిల్లల్ని ఇచ్చిన ఇళ్లు ప్రతి వాడలో ఉన్నాయి. బజారులో ఉర్దూ రానివాడికి బేరం సాగదు. ఇంతటి ఊళ్లో అక్షరాలు చదువుకుంటూ కథ చూడడమేమిటి? కన్నడం మాట్లాడే అత్తమ్మ ఏళ్ల తరబడి మన తెలుగు సీరియళ్లు ఓపికగా చూసింది. పండుగ నాడైనా ఆమె భాష ఇంట్లో మోగాలి, ఆమె చెబితే మనం వినాలి.

చదువురాని అవ్వకు కింది అక్షరాల వల్ల ఒరిగేదేమీ లేదు. అక్షరాలు తీసేస్తే అవ్వా, మనవడూ సమానమవుతారు. శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' దీనికి బాగుంటుంది. కర్ణాటకలో అగుంబెలో తీశారు. హిందీ వచ్చిన ఒక్క మనిషి చాలు, స్వామి అల్లరి అందరికీ చేరుతుంది.

కొరియా సిరీస్‌లు చూసే ఆడపిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్లను తిట్టకండి, వాళ్లకు పని అప్పగించండి. 'రిప్లై 1988' పెట్టించండి. ఇరవై భాగాలు. సియోల్‌లో ఒక సందు, అయిదు ఇళ్లు. ఒకరింట్లో కూర వండితే గిన్నెలో పెట్టి పిల్లాడితో పక్కింటికి పంపుతారు, ఆ ఇంటి గిన్నె ఖాళీగా తిరిగి రాదు. మన వాడకట్టు కాదని ఎవరనగలరు? కథలో పెద్ద చిక్కు దక్‌సన్ అనే అమ్మాయి ఎవరిని పెళ్లాడిందన్నది. చోయ్ తెక్‌ను, అదే ఆ బాదుక్ ఆట ఆడే మౌనంగా ఉండే పిల్లగాణ్ని. ఇదిగో, నేనే చెప్పేశాను. ఇప్పుడు మొదటి భాగం నుంచి ఆ పిల్లగాడు ఆమె వైపు ఎప్పుడెప్పుడు చూశాడో పట్టుకోండి. తెలియకుండా చూసేవాళ్లు ఆ చూపుల్లో సగం పోగొట్టుకుంటారు. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని ఇంటర్ పిల్ల గంటల తరబడి కొరియా కథ తెలుగులో చెప్పడం మీరు అప్పుడు వింటారు. ఎక్కడ మేనమామ వరస, ఎక్కడ అత్త వరస అని పెద్దవాళ్లు అడిగితే ఆమె ఆలోచించి చెబుతుంది. అంతకంటే ఏం కావాలి?

ఎవరి కోసమూ ఆపకండి. ఎవరైనా వంటింట్లోకి వెళ్లినా, పశువులకు మేత వేయడానికి దొడ్లోకి వెళ్లినా సిరీస్ నడుస్తూనే ఉండాలి. వాళ్లు తిరిగి వచ్చి 'ఏమాయె?' అంటారు. చెప్పేవాళ్లు పది మంది లేస్తారు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. ఆపే బొత్తాము నొక్కితే ఆ ప్రశ్నే పుట్టదు. తప్పిపోయిన కథ చెప్పే పని ఇంట్లో చిన్నపిల్లకు అప్పగించమని నా మాట. పదేళ్ల పిల్ల పెద్దమ్మకు అయిదు నిమిషాల కథ చెప్పడం నేర్చుకుంటే ఆమెకు బడిలో నేర్పని విద్య ఒకటి వచ్చినట్టే.

ఎప్పుడూ వంటింట్లోకి వెళ్లేది ఆడవాళ్లే అయితే మాత్రం అది అన్యాయం. అందుకని సకినాల పిండిని ముందుగదిలోకి తెచ్చుకోండి. తెల్లగుడ్డ పరిచి, టీవీ ఎదురుగా చుట్టండి. ఓమ, నువ్వులు కలిపిన పిండి చుట్టలు చుట్టడానికి కళ్లు అంతగా అక్కర్లేదు, చెయ్యి అలవాటు మీద తిరుగుతుంది. మగవాళ్లకూ నేర్పండి. వంకరగా వచ్చినా నూనెలో వేగితే రుచి అదే. రాత్రికి ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయలు పెద్ద బేసిన్‌లో మధ్యన పెట్టండి. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో జీఐ గుర్తింపు వచ్చింది. సున్నపురాయి మీద పరుచుకున్న నల్లరేగడిలో పండిన గింజ రుచి వేరు. నేను కందికాయలే ఎందుకంటున్నానంటే, వాటిని ఒలవడానికి రెండు చేతులూ కావాలి. ఫోను పట్టుకునే చెయ్యి మిగలదు. పేలాల పొట్లాం ఒక చేత్తో తినొచ్చు, అందుకే నాకు నచ్చదు. కాయ ముదిరిపోతే అనపకాయలు వాడండి.

సోఫా, కుర్చీలు పక్కకు జరపండి. సోఫాలో పట్టేది ముగ్గురే, నాలుగోవాడు లేచి గదిలోకి పోతాడు. నేల మీద ఎంతమందైనా పడతారు. కాకపోతే మా ఇళ్లలో నేల తాండూరు నాపరాయి. ఎండాకాలం ఎంత హాయిగా ఉంటుందో జనవరిలో అంత కొరుకుతుంది. కింద గొంగడి, దాని మీద జంపఖానా, అందరికీ కలిపి రెండు పెద్ద దుప్పట్లు. ఒక్కొక్కరికి ఒక్కో దుప్పటి ఇవ్వకండి. వాకిలి తలుపు తీసే ఉంచండి. చలి వస్తుంది, నిజమే. పక్కింటివాళ్లు కూడా వస్తారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నడిచిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ, పక్కనే గుల్బర్గా పల్లెలూ అందులో ఉన్నాయి. ఊరికి ఒకటే పెట్టె, దాని ముందు ఊరంతా. టీవీ మన పల్లెలకు వచ్చినప్పుడు అందరి సొత్తుగానే వచ్చింది. దాన్ని అరచేతిలోకి కుదించుకుని, గోడ వైపు తిరిగి చూసుకుంటున్నాం.

రిమోట్ ఇంట్లో అందరికంటే పెద్ద మనిషికి ఇచ్చేయండి. నొక్కడం రాదనకండి. రాకపోవడమే మంచిది. పొరపాటున వెనక్కి నొక్కితే చూసిన సీనే మళ్లీ చూడండి, ముందుకు నొక్కితే పోయిన సీను ఎవరైనా చెప్పండి. పిల్లలు పన్నెండు గంటలకు పడుకోవాలని పట్టుబట్టకండి. ఎవరికి నిద్ర వస్తే వాళ్లు అక్కడే ఒరగాలి, మెలకువ వచ్చినప్పుడు మళ్లీ అందుకోవాలి. తెల్లవారి చేనికి పోవాల్సిన వాళ్లుంటే వాళ్లను గోడ పక్కన పడుకోబెట్టి సౌండు కొంచెం తగ్గించండి. కంది కోత, కట్టెలు కొట్టి గింజలు రాల్చే పని ఈ రోజుల్లోనే ఉంటుంది, వాళ్ల నిద్ర చెడగొట్టే హక్కు మనకు లేదు.

పగలు అనంతగిరి పోదామని పిల్లలు అంటారు. ఈ సెలవుల్లో వద్దనండి. పండుగ వారం ఆ ఘాటు రోడ్డంతా హైదరాబాద్ కార్లే. మూసీ పుట్టిన కొండ ఎక్కడికీ పోదు, పద్మనాభస్వామి మాఘంలోనూ అక్కడే ఉంటాడు. అందరూ ఇంట్లో ఉండే రోజులు మాత్రం ఏడాదికి ఇవే.

చివరగా ఒకటి. ఏ సిరీస్ మొదలుపెట్టినా ఆఖరి భాగం చూడకండి. ముగింపు ఎలాగూ అందరికీ తెలుసు, కాబట్టి తొందర లేదు. కనుమ మర్నాడు సంచుల్లో సకినాలు సర్ది, రైలెక్కే వాళ్ల దగ్గర మాట తీసుకోండి, హైదరాబాద్ వెళ్లి ఒంటరిగా చూడబోమని. శివరాత్రికి రమ్మనండి. ఆ రాత్రి ఎలాగూ జాగారం. భూకైలాస్ గుడికి వెళ్లి దండం పెట్టుకుని వచ్చి, ఉపవాసం ఉన్నవాళ్లకు పండ్లు కోసి ఇచ్చి, అప్పుడు ఆఖరి భాగం పెట్టండి. నెల రోజుల్లో సగం కథ మరిచిపోయి ఉంటారు. పదేళ్ల పిల్లను ముందు కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమనండి.